గది సరే, దారి సంగతేమిటి?

మన సాహిత్య సభల్లో వర్జీనియా వుల్ఫ్ పేరు వినబడిందంటే వెంటనే గది వస్తుంది. గది, దానికి లోపలి గడియ, ఏడాదికి 500 పౌన్లు. ఎన్నో ఏళ్లుగా మనం ఆ గది గురించి వ్యాసాలు రాస్తున్నాం, పత్రాలు చదువుతున్నాం, మన కథల్లో దాన్ని వెతుకుతున్నాం. వంటింటి మూల తప్ప రాసుకోవడానికి చోటు లేని ఆడవాళ్లకి గది అడగడం పెద్ద రాజకీయమే. కాదనను. కానీ ఆ పుస్తకం గదిలో మొదలు కాదన్న సంగతిని మనం ఎందుకో దాటేస్తూ వచ్చాం.

కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలల్లో 1928లో చేసిన ప్రసంగాల నుంచి పుట్టి 1929లో అచ్చయిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' ఆరుబయట మొదలవుతుంది. నది ఒడ్డున కూర్చున్న స్త్రీకి ఏదో ఆలోచన తడుతుంది. ఆ ఊపులో లేచి గడ్డి మీద గబగబా నడుస్తుంది. విశ్వవిద్యాలయపు జవాను ఒకడు చేతులు ఊపుకుంటూ అడ్డొస్తాడు. గడ్డి ఫెలోలదీ స్కాలర్లదీ, ఆడవాళ్లకి కంకర బాట ఉంది కదా అని. ఆమె బాట మీదికి తప్పుకుంటుంది. ఆ తప్పుకోవడంలో తలలో ఉన్న ఆలోచన కాస్తా జారిపోతుంది. గ్రంథాలయం గుమ్మం దగ్గర ఆపడం, డబ్బు లెక్క, గది లెక్క, అన్నీ ఆ తరవాతే.

అంటే ఆ స్త్రీ ముందు పోగొట్టుకున్నది దారి. మనం గదిని పట్టుకుని దారిని వదిలేశాం. స్త్రీకి గది ఎంత అవసరమో, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని దారీ అంతే అవసరమని నా వాదన. ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ వేసిన దారి కాదు నేనడిగేది. మధ్యలో బుద్ధి పుట్టినచోట పక్కకి తిరిగే హక్కు.

ఈ మాట నాలో గట్టిపడింది సస్సెక్స్ కొండల మీద ఒక రోజంతా చేసిన పరుగులో. పరిశోధన పని మీద ఇంగ్లండులో ఉన్న రెండేళ్లూ సెలవు దొరికినప్పుడల్లా పరిగెత్తేదాన్ని. నలభై దాటాక పట్టుకున్న అలవాటు. పతకాల పరుగు కాదు. ఎత్తు వస్తే నడుస్తాను, పల్లం వస్తే పరిగెడతాను. ఆ జులై శనివారం లూయిస్ పట్టణంలో బయల్దేరి ఊజ్ నది గట్టు మీదుగా సౌతీజ్, అక్కణ్ణించి సౌత్ డౌన్స్ కొండల వెన్ను పట్టుకుని ఆల్‌ఫ్రిస్టన్, తరవాత కక్‌మియర్ నది వెంట సముద్రం, సముద్రపు అంచునే ఈస్ట్‌బోర్న్ చేరాలని నా లెక్క. సుమారు 35 కిలోమీటర్లు. సాయంత్రానికి 42 అయ్యాయి. దారిలో నేను మూడుసార్లు పక్కకి తిరిగాను. ఆ మూడు తిరుగుళ్లూ ఒక్కటి కావు. నేను రాస్తున్నది వాటి మధ్య ఉన్న తేడా గురించి.

డౌన్స్ అంటే పేరుకి పల్లంలా వినిపిస్తుంది గానీ పాత ఇంగ్లీషులో ఆ మాటకి అర్థం కొండ. సుద్దకొండలు. గొర్రెలు శతాబ్దాలుగా మేసి మేసి దుప్పటిలా చదును చేసిన పొట్టి గడ్డి, దాని మధ్య ఎముకలా తెల్లగా బయటపడిన బాట, బాటలో కాలికి గుచ్చుకునే చెకుముకి రాళ్లు. పైన కనిపించకుండా పాడే భరతపక్షులు. కొండ దిగితే రెండువైపులా చెట్లు కమ్ముకున్న లోతైన దారులు. మన వైపు వాటిని డొంకలనో పుంతలనో అంటాం. ఇదంతా చూస్తే పరవశించి రాయాలనిపిస్తుంది. అలా రాసినవాళ్లు కొల్లలు. ఆ అందం కింద ఉన్న చట్టం నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది.

ఇంగ్లండు పల్లెల్లో భూమి ఆసామిది, దాని మీదుగా పోయే బాట ప్రజలది. గోధుమ చేను నడిమధ్య నుంచి కాలిబాట పోతుంది. పంట వేసినా రైతు ఆ బాట మళ్లీ తెరవాల్సిందే. 1949 చట్టం తరవాత ఇలాంటి బాటలన్నిటినీ పటాలకెక్కించడం మొదలుపెట్టారు. ఇంగ్లండు, వేల్సులు కలిపి సుమారు 2,25,000 కిలోమీటర్ల బాటలు. ఇదేదో దొరల ఔదార్యం అనుకునేరు. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు చట్టాలతోనే 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూములకి కంచెలు వేసి సొంతదారులకి అప్పగించారు. మన భాషలో చెప్పాలంటే ఊరి బంజర్లు, పోరంబోకులు, మేత బీళ్లు. ఆ కంచెల మధ్య మిగిలిన సన్నని దారాలే ఈ కాలిబాటలు. వాటిని దాటి ఇష్టం వచ్చినట్టు తిరగడానికి 2000 సంవత్సరపు చట్టం హక్కిచ్చిన నేల ఇంగ్లండులో ఎనిమిది శాతమే.

నా మొదటి పక్కదారి మరమ్మతుల పుణ్యం. నది గట్టు కొంతమేర మూసేసి, పక్కకి వెళ్లమని బాణం గుర్తు పెట్టారు. ఆ బాణం నన్ను పచ్చిక బయళ్ల మీదుగా రాడ్‌మెల్ ఊళ్లోకి, సరిగ్గా మాంక్స్ హౌస్ ముందుకి తీసుకెళ్లింది. వుల్ఫ్ దంపతులు 1919లో కొన్న ఇల్లు. 1941 మార్చి 28న ఆమె ఈ ఇంటి నుంచే ఊజ్ నదిలోకి నడిచివెళ్లింది. ఆ చివరి నడక గురించి అందరికీ తెలుసు, సినిమాలు కూడా చూపించాయి. అంతకు ముందు ఇరవై ఏళ్లకి పైగా ఇవే కొండల మీద ఆమె నడిచిన నడకల గురించి మనకి ఎవరు చెప్పారు? 'టు ది లైట్‌హౌస్' నవల లండన్‌లో టావిస్టాక్ స్క్వేర్ చుట్టూ నడుస్తుండగా తట్టిందని ఆమే రాసుకుంది. నడక ఆమెకి వ్యాయామం కాదు, రాసే పనిలో సగం. చావుకి వేసిన అడుగుల్ని గుర్తుపెట్టుకుని రాతకి వేసిన అడుగుల్ని మరిచిపోవడం అమాయకమైన మతిమరుపు కాదు. నడిచే స్త్రీ కథ విషాదంగా ముగిస్తేనే మనకి నచ్చుతుంది.

ఆ వుల్ఫ్ కూడా నడవడానికి సాకు వెతుక్కుంది. 1927లో వచ్చిన 'స్ట్రీట్ హాంటింగ్' వ్యాసంలో చలికాలపు సాయంత్రం లండన్ వీధుల్లో తిరగడానికి ఆమె చెప్పుకున్న నెపం ఒక పెన్సిలు కొనడం. మన అమ్మలకి ఆ పెన్సిలు కరివేపాకు. గుడి. టైలరు దగ్గర జాకెట్టు. పక్కింటావిడకి ఒంట్లో బాగాలేకపోవడం. పని లేకుండా బయట కనిపించే హక్కు స్త్రీకి లేదన్న సంగతినే 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రణడే ముంబయి వీధుల మీద రాసిన 'వై లాయిటర్' పుస్తకంలో వాదించారు. రక్షణ అడిగితే ఇంట్లో కూర్చోమంటారు కాబట్టి ఊరికే తిరిగే హక్కు అడగమన్నారు. ఆ వాదన నగరంతో ఆగిపోకూడదని నేనంటాను.

మరి మగవాళ్లకి సాకు అవసరమైందా? ఆమె తండ్రి లెస్లీ స్టీఫెన్ 1879లో 'సండే ట్రాంప్స్' అని ఒక నడక సంఘం పెట్టాడు. ఆదివారం దిమ్మరులు. న్యాయశాస్త్రవేత్తలు, పండితులు, అందరూ మగవాళ్లే. లోపలికి రాకూడదన్న బోర్డుల్ని లెక్కచేయకుండా పెద్ద పెద్ద ఎస్టేట్లలోంచి నడిచి వెళ్లేవారు. ఎవరైనా ఆపితే, మేము హక్కేమీ కోరడం లేదని న్యాయభాషలో అప్పజెప్పి ఒక షిల్లింగు పరిహారం చేతిలో పెట్టడానికి సిద్ధంగా ఉండేవారు. తండ్రి కంచెలు దాటడం సరదా. దాదాపు యాభై ఏళ్ల తరవాత కూతురు రాసిన పుస్తకంలో స్త్రీ గడ్డి మీద కాలుపెట్టడం అతిక్రమణ. వర్గం మారినా ఇదే కథ. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ ప్రాంతపు కార్మిక యువత కిండర్ స్కౌట్ కొండ మీదికి మూకుమ్మడిగా నడిచినప్పుడు వాళ్ల దగ్గర ఎవరూ షిల్లింగు తీసుకోలేదు. అయిదుగురిని జైల్లో పెట్టారు. పెద్దమనుషుల తిరుగుడు వినోదం, కూలివాళ్ల తిరుగుడు నేరం, ఆడవాళ్ల తిరుగుడు పాపం.

ఈ బాటల పోరాటంలో ఆడవాళ్లు లేకపోలేదు. 1895లో నేషనల్ ట్రస్ట్ స్థాపించిన ముగ్గురిలో ఒకరైన ఆక్టేవియా హిల్ కాలిబాటలు మూసుకుపోకుండా ఉద్యమం నడిపింది. బాట కోసం పోరాడిన ఆ మనిషే స్త్రీలకి ఓటుహక్కు వద్దంది. దారి అడిగినవాళ్లందరూ మనవాళ్లు కారని తెలుసుకోవడం కూడా చరిత్రే. నేను పరిగెత్తిన ఈ జిల్లాలోనే ఫ్రామ్‌ఫీల్డ్ అనే చోట ఒక కాలిబాట మీద కొట్టం కట్టి, ముళ్లతీగ చుట్టి, పాత ఫ్రిజ్‌లు పడేసి పదేళ్లకి పైగా మూసేశారు. జిల్లా పాలకమండలి బాట తెరిపించే బదులు దాన్నే పక్కకి మళ్లిద్దామంది. కేట్ ఆష్‌బ్రూక్ అనే ఆవిడ కోర్టుకెక్కి 2002లో అప్పీలు న్యాయస్థానంలో గెలిచింది. 2003లో తీగ కత్తిరించి బాట తెరిచారు. ఇప్పుడు న్యాయ విద్యార్థులు ఆవిడ పేరుతోనే ఆ కేసు చదువుతారు. అడ్డం పెట్టినవాణ్ణి వదిలి నడిచేవాళ్లని పక్కకి మళ్లించడం ఎంత సులువో ఆ కేసు చెబుతుంది. మనకి అది బాగా తెలిసిన సులువు.

నా రెండో పక్కదారి ఆ సులువు తెచ్చింది.

సౌతీజ్ దగ్గర నది దాటి కొండెక్కి, 217 మీటర్ల ఫర్ల్ బీకన్ శిఖరం మీద గాలికి నిలబడి నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాను. కొంత దూరంలో కార్లు ఆపుకునే చోటు ఉంది. ఒకే ఒక్క కారు, దాని పక్కన ఒక మనిషి. మర్యాదగానే పలకరించాడు. ఏ దేశం? ఒంటరిగానా? ఎంత దూరం? ఎవరైనా ఎదురుచూస్తున్నారా? మా ఆయన ఆల్‌ఫ్రిస్టన్‌లో ఉన్నాడన్నాను. అలాంటి ఆయన ఎవరూ లేడు. ఆ అబద్ధం మనలో ఎంతమంది ఎన్నిసార్లు ఆడి ఉంటామో లెక్క తీస్తే ఒక నిఘంటువు అవుతుంది. నేను కదిలాక అతనూ కదిలాడు. నేను లేసు కట్టుకోవడానికి ఆగితే అతనూ ఆగి లోయని చూస్తున్నాడు. ముందు ఆల్‌ఫ్రిస్టన్ దాకా మనిషి జాడ లేని కొండ వెన్ను. ఎడమచేతి వైపు ఊళ్లోకి దిగే నిట్రమైన బాట కనబడగానే ఫోను చెవికి ఆనించుకుని, ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నట్టు నటిస్తూ దిగిపోయాను. అతను రాలేదు. ఏమీ జరగలేదు.

ఏమీ జరగలేదన్న మాట మీద ఒక నిమిషం ఆగాలి. ఈ మాటతోనే స్త్రీల భయం ఎప్పటికప్పుడు కొట్టివేతకి గురవుతుంది. నా పరుగు తెగిపోయింది, నేను ఎన్నుకున్న బాట పోయింది, తలలో అప్పటిదాకా నడుస్తున్న ఆలోచన పోయింది. ఇవేవీ 'జరగడం' కిందికి రావు. పోలీసు కాగితంలో వీటికి గడి లేదు.

కొండ కిందుగా పాత బండ్ల బాట పట్టుకుని ఆల్సిస్టన్ మీదుగా బెర్విక్ చేరాను. అక్కడి చిన్న చర్చి గోడల నిండా వెనెస్సా బెల్, డంకన్ గ్రాంట్, క్వెంటిన్ బెల్ యుద్ధకాలంలో, 1941కీ 43కీ మధ్య వేసిన బొమ్మలు. వెనెస్సా వేసిన బొమ్మలో ఏసు సస్సెక్స్ పశువుల కొట్టంలోనే పుడతాడు. వర్జీనియా అక్క చేతి రంగుల ముందు చెమటతో నిలబడ్డాను. అద్భుతంగా ఉంది. తరవాత ఈ సంగతి చెబితే ఒక స్నేహితురాలు, మంచి పరిశోధకురాలు, "పోనీలే, అలా అవడమే మంచిదయింది. లేకపోతే ఆ బొమ్మలు చూసేదానివి కాదుగా" అంది.

ఇక్కడే నాకు పేచీ. భయం నన్ను అందమైన చోటికి చేర్చినంత మాత్రాన అది దారి చూపినట్టు కాదు. ఆ బొమ్మల్ని నేను ఇంకో రోజు, నా ఇష్టంతో చూసి ఉండేదాన్ని. పెళ్లి వల్ల ఆగిపోయిన చదువు గురించి 'పిల్లలు పుట్టారుగా' అన్నట్టు, ఉద్యోగం మాన్పించినప్పుడు 'ఇంటిపట్టున ఉన్నావుగా' అన్నట్టు ఉంటుంది ఈ ఓదార్పు. మళ్లించిన జీవితాల్లో స్త్రీలు పూలు పూయించుకున్నారు. అది వాళ్ల ప్రతిభ. మళ్లించినవాడి ఘనత కాదు. ఆ పూల లెక్క చూపి మళ్లింపుని క్షమించే విమర్శ మనకొద్దు.

పక్కదారుల్లోని ఆనందం గురించి మగవాళ్లు ఎంత సాహిత్యం రాశారో! నడక వ్యాసాలు, కొండ పరుగుల పుస్తకాలు, యాత్రా కథనాలు. పటం మడిచి జేబులో పెట్టెయ్, పొద్దు గుంకితే గుంకనీ, పరాయివాడు పిలిస్తే వెళ్లు, దారి తప్పితేనే నిన్ను నువ్వు కనుక్కుంటావు! చదవడానికి బాగుంటాయి. అయితే ఆ తప్పిపోవడం సురక్షితుల తప్పిపోవడం. చీకటి పడటం వాళ్లకి అనుభూతి, మనకి గడువు. ఎదురుపడిన అపరిచితుడు వాళ్లకి పాత్ర, మనకి ప్రశ్న. ఆ తేడాని పట్టించుకోకుండా దాన్నే మానవానుభవమని పాఠాలు చెబుతున్నాం.

మన భాషనే చూడండి. దేశాలు తిరిగే మగవాడు దేశదిమ్మరి, లోకం చూసినవాడు. తిరిగే ఆడది తిరుగుబోతు. గడప దాటింది, బరితెగించింది, దారి తప్పింది, పక్కదారి పట్టింది, లేచిపోయింది. స్త్రీ శీలాన్ని తిట్టడానికి తెలుగులో ఉన్న మాటల్లో ఎన్ని కదలికకి సంబంధించినవో ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. వాల్మీకి రామాయణంలో లేని లక్ష్మణరేఖ ప్రతి ఇంటి ముందూ ఎలా గీసుకుందో ఈ మాటలే చెబుతాయి. అయినా దాటినవాళ్లున్నారు. పోతం జానకమ్మ 1873లో మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లింది. ఆమె తెలుగులో రాసుకున్నది ఇంగ్లీషులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అన్న పుస్తకంగా 1876లో మద్రాసులో వచ్చింది. యాత్రాసాహిత్యం అనగానే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చెప్పే మన పాఠ్యప్రణాళికల్లో ఆమెకి ఎంత చోటు ఇచ్చాం?

ఇదంతా ఒక్క నా భయం కాదు. వాయవ్య ఇంగ్లండులో పరిగెత్తే స్త్రీల మీద మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం 2024లో వెలువడింది. 498 మందిలో 68 శాతం పరుగులో ఏదో ఒక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో పోలీసులకి చెప్పినవాళ్లు ఇరవైమందిలో ఒకరు. చెప్పకపోవడం వింతేమీ కాదు. 2021 మార్చిలో లండన్‌లో ఇంటికి నడిచి వెళ్తున్న సారా ఎవరార్డ్‌ని అరెస్టు నెపంతో ఎత్తుకెళ్లి చంపినవాడు ఉద్యోగంలో ఉన్న పోలీసే. మన దగ్గర 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై ఆ ఘోరం జరిగాక మొట్టమొదట వచ్చినవేమిటి? ఆడవాళ్లకి జాగ్రత్తల జాబితాలు. ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పండి, జనం ఉన్నచోటే నిలబడండి. ఇంగ్లండులో పరిగెత్తే స్త్రీలకి దొరికే సలహాలూ ఇవే, ఉచ్చారణ వేరు. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు, చీకట్లో వద్దు, ఒంటరిగా వద్దు, రోజూ ఒకే బాటన వద్దు. ఇంకో సంగతి. పది నెలలు దాటిన పాడిజాతి ఆబోతుని ప్రజల బాట ఉన్న పొలంలో వదలకూడదని 1981 చట్టం ఒకటి ఆ దేశంలో ఉంది. ఆబోతు ఉన్న పొలం వైపు వెళ్లొద్దని నడిచేవాళ్లకి చెప్పి ఊరుకోలేదు. ఆబోతుని కట్టెయ్యమని ఆసామికి చెప్పారు. సూత్రం తెలియక కాదన్నమాట.

ఆడ శరీరానికి దూరం పనికిరాదని చెప్పిన శాస్త్రం కూడా ఈ కాపలాలో భాగమే. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలు 800 మీటర్లు పరిగెత్తితే, సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు పెంచి రాశాయి. ఆ పోటీని 1960 దాకా మళ్లీ పెట్టలేదు. వుల్ఫ్ కేంబ్రిడ్జిలో ప్రసంగించిన సంవత్సరమే అది. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి 1984లో గానీ రాలేదు. 2019 జనవరిలో జాస్మిన్ పారిస్ పెనైన్ వే మీద 268 మైళ్ల స్పైన్ రేస్‌ని 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, మగవాళ్లందరినీ దాటి, పాత రికార్డుని 12 గంటలకి పైగా తగ్గించింది. ఆగిన చోటల్లా పసిపాపకి పాలు పిండి పెట్టింది. ఆ పోటీ మొదలయ్యేది ఈడేల్‌లో, 1932లో కార్మికుల్ని పట్టుకెళ్లిన కిండర్ కొండ పాదంలో. అయితే ఒక మాట. ఇలాంటి వీరవనితని చూపించి 'చూశారా, ఆడవాళ్లు ఏమైనా చెయ్యగలరు' అనే చప్పట్లు నాకు చాలవు. 268 మైళ్లు పరిగెత్తగలిగితేనే దారి మీద హక్కు వస్తుందా? ఆయాసపడుతూ నడిచే మామూలు మనిషికి రాదా?

నా మూడో పక్కదారి ఆ మామూలు మనిషిది. ఆల్‌ఫ్రిస్టన్‌లో టీ తాగి, కక్‌మియర్ వెంట దిగి ఎక్సీట్ చేరాను. అక్కడి నది పాములా మెలికలు తిరుగుతూ పటాల్లో, కేలండర్లలో కనిపిస్తుంది. నిజానికి నీళ్లిప్పుడు ఆ మెలికల్లోంచి పారవు. 1846లో తిన్నని కాలవ తవ్వి నదిని అందులోకి మళ్లించారు. పాత మెలికలు కదలని నీళ్లతో అలాగే ఉన్నాయి. నేను పోవాల్సిన బాట వదిలి ఆ మెలికల అంచున తిరుగుతూ సముద్రం దాకా వెళ్లాను. తెల్ల కొంగలు, ఉప్పు గడ్డి, బురద వాసన. గులకరాళ్ల ఒడ్డున అరగంట కూర్చున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు లేదు. పెన్సిలు లేదు, కరివేపాకు లేదు. ఈ వ్యాసంలోని సగం వాక్యాలు అక్కడే తట్టాయి. మొదటి పక్కదారి అవసరం, రెండోది భయం, ఇది ఇష్టం. మూడో రకం మనకి ఎంత తక్కువ దొరుకుతుందో రెండో రకాన్ని అలవాటు చేసుకున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఆ ఒడ్డు నుంచి పైకెక్కితే సెవెన్ సిస్టర్స్. సముద్రంలోకి నిట్టనిలువుగా తెగిన తెల్లటి సుద్దకొండలు, ఒకదాని పక్కన ఒకటి. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పేరు వినగానే నాకు మన ఊళ్ల ఏడుగురు అక్కచెల్లెళ్లు గుర్తొచ్చారు. పోలేరమ్మ, అంకమ్మ, వాళ్ల తోడబుట్టినవాళ్లు. దేవతని పొలిమేరలో నిలబెట్టి ఊరు కాయమన్నాం, ఆడపిల్లని పొలిమేర దాటొద్దన్నాం. రెండూ చేసింది ఒకే ఊరు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. ఇదంతా తీరికున్నవాళ్ల గొడవ. కూలికి మైళ్లు నడిచే ఆడవాళ్లకి, బిందెతో నీళ్లు మోసే ఆడవాళ్లకి నడక స్వేచ్ఛ ఎలా అవుతుంది? సరైన ప్రశ్న. కానీ ఆ ప్రశ్న నా వాదనని పడగొట్టదు, పదును పెడుతుంది. పని కోసం నడిచే స్త్రీ అందరికంటే ఎక్కువ నడుస్తుంది, అందరికంటే తక్కువ పక్కకి తిరగగలుగుతుంది. పైగా దారి మన దేశంలో మొదటినుంచీ కులం ప్రశ్న. చెప్పులేసుకుని ఏ వీధిలో నడవకూడదో దళితులకి చెప్పిన ఊళ్లవి. 1924లో వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడవడం కోసమే. దారి తీరికవాళ్ల వ్యవహారమైతే దానికి అంత కాపలా ఎందుకు?

రంగు సంగతీ అంతే. నల్లజాతి స్త్రీ ఇంగ్లండు పల్లెలో నిలబడితే ఆ దృశ్యం ఎలా ఇబ్బందిపడుతుందో ఇన్‌గ్రిడ్ పొలార్డ్ 1980ల చివర్లో 'పాస్టొరల్ ఇంటర్‌లూడ్' ఫొటోల్లో చూపించింది. ఆ మనిషి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏ దేశం అని కదా. కంపెనీ కాలంలో మన గడ్డ మీద కూడబెట్టుకున్న సొమ్ముతో ఇంగ్లండు పల్లెల్లో ఎస్టేట్లు కొన్న దొరలున్నారు. తన సంరక్షణలో ఉన్న 93 స్థలాలకి వలస పాలనతో, బానిస వ్యాపారంతో సంబంధం ఉందని నేషనల్ ట్రస్టే 2020లో నివేదిక ఇచ్చింది. ఆ దృశ్యంలో మనం పరాయివాళ్లం కాము. దాని ఖర్చులో మన వాటా ఉంది.

సరే, ఏం చెయ్యమంటావు అంటే, మొదట చదవడం మార్చుకుందామంటాను. మన కథల్లో స్త్రీ ఎక్కడ కూర్చుందో చూసినంత శ్రద్ధగా ఎక్కడికి నడిచిందో, ఎవరికి చెప్పి నడిచిందో, ఎక్కడ మలుపు తిరగకుండా ఆగిపోయిందో చూద్దాం. రెండోది, రాద్దాం. భయపడి మార్చిన దారుల్ని, ఇష్టపడి మార్చిన దారుల్ని వేరు వేరుగా రాద్దాం. మూడోది మన చేతుల్లో ఉన్న పని. మనలో చాలామంది విశ్వవిద్యాలయాల్లో ఉన్నాం, వార్డెన్లుగా ఉన్నాం. అబ్బాయిల హాస్టలుకి లేని గేటు గడియారం అమ్మాయిల హాస్టలుకి ఎందుకుందో 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' పేరుతో అడిగారు. మన సంస్థల్లో ఆ రిజిస్టరు మీద సంతకం పెడుతున్నది ఎవరు? పగలు తరగతిలో వుల్ఫ్ గది గురించి చెప్పి, సాయంత్రం ఏడింటికి అదే గదిలో పిల్లల్ని పెట్టి తాళం వేస్తే, ఆ గదికి అర్థమేమిటి?

ఇంగ్లండు చట్టంలో కొత్తబాట పుట్టే పద్ధతి ఒకటుంది. జనం ఒక దారిన ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా నడిస్తే అది ప్రజల బాట అయినట్టే లెక్క, ఆసామికి అలా ఇచ్చే ఉద్దేశం లేదని రుజువైతే తప్ప. కానీ ఆ నడకకి మూడు షరతులు. బలవంతాన నడిచి ఉండకూడదు. చాటుగా నడిచి ఉండకూడదు. అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు. మూడో షరతు చదివినప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆసామి దయతలచి రోజూ వెళ్లనిచ్చినా, ఆ నడక నుంచి హక్కు పుట్టదు. నూరేళ్లు నడిచినా పుట్టదు. మనం తరతరాలుగా నడుస్తూనే ఉన్నాం. అయితే అడిగి నడిచాం, లేదా దాక్కుని నడిచాం. అందుకే అన్నేళ్ల నడక మన పేర ఒక్క బాట కూడా మిగల్చలేదు. ఇక అడగడం మానేద్దాం. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఏ పనీ లేకుండా నడుద్దాం. ఇరవై ఏళ్లు పెద్ద గడువేమీ కాదు.